లేదని చెప్పడానికి మళ్లీ వెళ్లిన ఆటో

శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగిన కొత్తవాళ్లు మొట్టమొదట అడిగేది ఊరెక్కడ అని. స్టేషన్ ఆమదాలవలసలో ఉంటుంది, శ్రీకాకుళం ఇంకా అవతల. ఈ మాట ఎంతమందికి చెప్పానో నాకే గుర్తు లేదు. చెప్పగానే వాళ్ల మొహం కొంచెం మారుతుంది. స్టేషన్ కూడా లేని ఊళ్లో ఉద్యోగమా అని లోపల అనుకుంటున్నారని నాకు తెలుస్తూనే ఉంటుంది. అయినా పెట్టె అందుకుని, మా యూనివర్సిటీ కారు వెనకాల సర్ది, దారంతా నాగావళి గురించీ అరసవల్లి గురించీ చెప్పుకుంటూ తీసుకొస్తాను. పెళ్లిచూపుల్లో మేనమామ చేసే పని అది. ఆ పని చేసీ చేసీ విసుగు కూడా పోయి, ఉత్త అలసట మిగిలింది.

నేను హైవే పక్కనున్న ఒక చిన్న ప్రైవేటు విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రం చెబుతాను. సొంతూరు విజయనగరం దగ్గర. రోజూ బస్సులో వచ్చి పోతుంటాను. కొన్నేళ్ల కింద మా యాజమాన్యానికి బయోమెటీరియల్స్, రీజనరేటివ్ మెడిసిన్ అనే కొత్త ఎమ్మెస్సీ మొదలుపెట్టాలని బుద్ధి పుట్టింది. ఒంటికి సరిపడే పదార్థాలు తయారుచేసి, వాటి మీద కణాలను పెంచి, పాడైన చర్మాన్నో ఎముకనో బాగుచేసే చదువు అది. బోర్డు రాయించారు, ల్యాబు కట్టించారు, పిల్లలు చేరారు. చెప్పేవాళ్లే లేరు. వాళ్లను వెతికి తెచ్చే పని ఎవరికివ్వాలా అని సమావేశంలో మాట వచ్చినప్పుడు నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను. తల తిప్పేసరికి పని నా నెత్తిన పడింది.

వచ్చినవాళ్లు వచ్చారు. ఒకాయన విమానాశ్రయం ఎంత దూరమని అడిగి, భోగాపురంలో కొత్తది వస్తుందని నేను చెప్పేలోపే ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు. ఇంకొకాయన భార్య ఊరంతా తిరిగి పిల్లల బడులు చూసి, సాయంత్రానికి నాతో మాట్లాడటం మానేసింది. ఒకాయన చేరాడు కూడా. దసరాకి ఇంటికెళ్లి అక్కడినుంచే రాజీనామా పంపాడు. అందరూ పులిహోర బాగుందన్నారు. వెళ్లేటప్పుడు అందరూ ఆలోచించి చెబుతామన్నారు. ఆ మాటకి అర్థమేమిటో నాకు తెలుసు.

ల్యాబు గురించి వాళ్లు అడిగే ప్రశ్నల్లో నేను భయపడేది ఒకటుంది. కణాలను దాచడానికి ద్రవ నైట్రోజన్ కావాలి, అది ఎక్కడినుంచి వస్తుందని అడుగుతారు. పశువుల ఆసుపత్రికి వీర్యం గొట్టాలు చల్లగా ఉంచడానికి ఒక బండి వస్తుంది, అదే బండి దారిలో మా దగ్గర ఆగి మా క్యాను నింపుతుంది. ఇది చెప్పేటప్పుడు నా గొంతు దానంతట అదే తగ్గిపోతుంది. విన్నవాళ్లు మర్యాదకి తలూపుతారు.

చివరిసారి ప్రకటన ఇచ్చినప్పుడు రిజిస్ట్రార్ నన్ను గదికి పిలిచి తలుపు వేయించాడు. ఈసారి కూడా ఎవరూ చేరకపోతే కోర్సు మూసేస్తామని, ఉన్న పిల్లలను మైక్రోబయాలజీలో కలిపేస్తామని చెప్పాడు. ఆ పిల్లల్లో చాలామంది వాళ్ల ఇళ్లల్లో డిగ్రీ దాటిన మొదటివాళ్లు. ఆ కోర్సు పేరు ఇంట్లో పలకడం నేర్పడానికే వాళ్లకు నెలలు పట్టింది. నాకు కోపం వచ్చింది కానీ, కోప్పడే ఓపిక లేక సరేనని లేచాను.

అదే వారంలో అడ్మిషన్ల ప్రచారం మొదలైంది. మా వైపు కాలేజీలన్నీ చేసేదే మేమూ చేస్తాం. ఎక్కడికక్కడ ఆటో మాట్లాడి, దానికి మైకు కట్టి, పెన్‌డ్రైవ్‌లో మాటలు పెట్టి మండలమంతా తిప్పుతాం. ఆ మాటలు రాసేదీ చదివేదీ మా ఆఫీసు సూపరింటెండెంట్. జాతరల్లో తప్పిపోయిన పిల్లల పేర్లు చదివే గొంతు ఆయనది. కొత్త కోర్సు సంగతి జనానికి అర్థమయ్యేలా చెప్పమని రిజిస్ట్రార్ అన్నాడు, ఆయన అర్థమయ్యేలా చెప్పాడు. దెబ్బతిన్న అవయవాలను తిరిగి పెంచే అధునాతన వైద్య శాస్త్రం, మన జిల్లాలోనే, త్వరలో నిపుణుల రాక, అన్నాడు. నాకు వినిపిస్తే బాగానే ఉందన్నాను. నిజంగానే బాగుంది.

ఇంటర్వ్యూకి ఈసారి ఒక్కావిడే వచ్చింది. అనంతపురం వైపు మనిషి, చాలా ఏళ్లుగా పూణేలో పరిశోధన చేస్తోంది. కాలిన ఒంటి మీద వేసే పలుచటి పొరలు ఆవిడ పని. భర్తకి విశాఖ బదిలీ అయ్యే సూచన ఉందట. స్టేషన్‌లో దిగి ఊరెక్కడ అని అడగలేదు. టీ ఎక్కడ దొరుకుతుందని అడిగింది. దారిలో నైట్రోజన్ ప్రశ్న రానే వచ్చింది. నేను గొంతు తగ్గించి పశువుల బండి సంగతి చెప్పాను.

ఆవిడ నవ్వింది. "మా ల్యాబుకీ మొదట్లో అంతే సార్. ఒకసారి వాళ్లు మా క్యాను తీసుకెళ్లి వాళ్లది మాకు ఇచ్చేశారు. తెరిచి చూసుకున్నాక గానీ తెలీలేదు."

చాలా నెలల తరువాత నాకు ఆశ పుట్టింది. అది పుట్టడం నాకు నచ్చలేదు, ఎందుకంటే తరువాత దాన్ని మోసేది నేనే.

ఇంటర్వ్యూకి ముందు అభ్యర్థి ఒక పాఠం చెప్పాలి. పిల్లలూ కమిటీవాళ్లూ విని మార్కులు వేస్తారు. మేము సెమినార్ హాలు దగ్గరికి వెళ్లేసరికి వరండా నిండా జనం కూర్చుని ఉన్నారు. లుంగీలు, నేత చీరలు, భుజం మీద తువ్వాళ్లు. ఒక్కొక్కరి చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, అందులో స్కానింగు ఫిల్ములు, ఆసుపత్రి కాగితాలు. పక్కన టిఫిన్ క్యారేజీలు. ఉద్దానం ఊళ్ల నుంచి తెల్లవారే బస్సు పట్టుకుని వచ్చారని గేటు దగ్గర కాపలా మనిషి చెప్పాడు. క్యాంపు అనుకుని తనే హాలు చూపించాడట.

అప్పుడు గానీ నాకు వెలగలేదు. మా జిల్లాలో మైకు కట్టిన ఆటో వచ్చి వైద్యం అన్నదంటే అది ఉచిత శిబిరమే. కళ్ల శిబిరానికీ, గుండె శిబిరానికీ, గేదెల శిబిరానికీ అదే ఆటో, అదే తరహా గొంతు. పైగా ఉద్దానం. ఆ కొబ్బరి తోటల్లో, జీడి తోటల్లో కిడ్నీలు పాడైన మనిషి లేని వీధి వెతకాలి. ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ గట్టిగా చెప్పినవాళ్లు లేరు. నీళ్లంటారు, ఎండంటారు, మందులంటారు. అలాంటి ఊళ్లోకి ఆటో పంపి, అవయవాలు తిరిగి పెంచుతామని చెప్పించాం. అందరం చదువుకున్నవాళ్లమే, ఒక్కడికీ తట్టలేదు.

రిజిస్ట్రార్ నన్ను పక్కకి లాగాడు. "మాస్టారూ, ఇంటర్వ్యూ చేసే బయటి నిపుణుడు వచ్చేలోపు వీళ్లని పంపించీండి. పరువు పోతాది."

ఈలోగా జనంలోంచి ఒకామె లేచి, ఇంటర్వ్యూకి వచ్చిన ఆవిడ దగ్గరికి వచ్చింది. నలభై దాటి ఉంటాయి. సంచిని గుండెకి ఆనించి పట్టుకుంది. "మీరేనా అమ్మా డాట్రమ్మ? మా ఇంటాయన రానేకపోయాడు. నిన్ననే డయాలసిస్ అయ్యింది. కాయితాలన్నీ తెచ్చినాను, సూడండి."

ఆవిడ నా వైపు తిరిగింది. నేను ఆటో సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. దాచి ఏం లాభం, ఈ అభ్యర్థి కూడా పోయినట్టే అనుకున్నాను. ఆవిడ ఆ సంచిలోంచి ఒక కాగితం తీసి చదివి ఇచ్చేసింది. తరువాత రిజిస్ట్రార్‌తో, వీళ్లని కూడా లోపల కూర్చోనివ్వండి, పాఠం తెలుగులో చెబుతాను అంది. బయటి నిపుణుడు అప్పటికే వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన ముందు కాదనలేక రిజిస్ట్రార్ తప్పుకున్నాడు.

ఆ పాఠానికి ఆవిడ పూణే నుంచి తెచ్చుకున్న బొమ్మలేవీ వేయలేదు. బీరపాదుకి పందిరి వేస్తాం కదా, నా పని ఆ పందిరి వేయడం, అంది. పందిరి ఒంటికి పడే వస్తువుతో చేస్తాం, దాని మీద కణాలు పాకుతాయి, పాకాక పందిరి దానంతట అది కరిగిపోవాలి. చర్మానికి ఇది కొంతవరకు కుదిరింది. ఎముకకీ కొంత కుదిరింది. మా పిల్లలు రాసుకోవడం మరిచిపోయి విన్నారు. వెనక కూర్చున్న ఆడవాళ్లు తలలూపారు.

సంచి పట్టుకున్నామె లేచి నిలబడింది. "కిడ్నీకి ఏస్తారా అమ్మా, పందిరి?"

"లేదమ్మా. ప్రయత్నిస్తున్నారు. గోరంత ముక్క గాజు గిన్నెలో పెరిగింది. మనిషికి పెట్టేది ఎక్కడా లేదు. నా దగ్గర అసలే లేదు."

"ఎన్నాళ్లకి వస్తాది?"

"తెలీదమ్మా. నేను బతికుండగా వస్తుందో రాదో కూడా చెప్పలేను."

ఆమె ఏడవలేదు, గొంతు పెంచలేదు. ఆవిడ వైపు కాకుండా మేం కూర్చున్న ముందు వరస వైపు తిరిగి అడిగింది. "మరెందుకు రమ్మన్నారు బాబూ?"

రిజిస్ట్రార్ బల్ల మీది నీళ్ల సీసా వైపు చూశాడు. నేను లేచాను. అది పిల్లలను చేర్చుకోవడానికి చేసిన ప్రచారమనీ, వైద్యం కాదనీ, మాటలు సరిగా చూసుకోలేదనీ చెప్పాను. చెబుతుంటే సిగ్గేసింది. ఆమె విని, సంచి మూతి ముడివేసుకుని, "పోన్లెండి. పలాస బస్సు ఎన్నింటికి?" అంది.

వాళ్లని అలా పంపడానికి సూపరింటెండెంట్ ఒప్పుకోలేదు. "మనూరు వచ్చినోలని తినకుండా ఎలగ పంపిస్తాం మాస్టారూ" అని వంటవాళ్ల మీద కేకలేసి మళ్లీ ఎసరు పెట్టించాడు. కమిటీ కోసం చేయించిన చేపల పులుసు కూడా అటే వెళ్లింది. తన మాటల వల్లే ఇదంతా జరిగిందని ఆయన మొహంలో కనిపిస్తోంది, దాన్ని వడ్డనలో తీర్చుకుంటున్నాడు. చాలామంది పప్పు ముట్టుకోలేదు. కొందరు గ్లాసులో నీళ్లు గుటక గుటకగా కొలుచుకుని తాగి, మిగిలినవి అలాగే వదిలేశారు. డయాలసిస్ చేయించుకునేవాళ్లు పప్పు తగ్గించాలి, నీళ్లు కూడా లెక్కగా తాగాలి. ఆవిడ వాళ్ల మధ్యే కూర్చుని తింటూ ఇదంతా చూసింది.

మధ్యాహ్నం కమిటీ ఆవిడని ఎంపిక చేసింది. ఆవిడ ఆలోచించి చెబుతాను అంది. నేను ఎప్పటిలాగే పెట్టె తీసుకెళ్లి కారులో పెట్టాను.

స్టేషన్‌లో రైలు ఆలస్యం. ఇద్దరం సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. నేను అరసవల్లి గురించి గానీ నాగావళి గురించి గానీ ఒక్క ముక్క మాట్లాడలేదు. ఎందుకు, అయిపోయింది కదా అనుకున్నాను. ఆవిడే మొదలుపెట్టింది.

"సార్, నేను చేరాలంటే ఒక పని చేయాలి."

క్వార్టర్సు అడుగుతుందనుకున్నాను. లేదంటే ల్యాబుకి మిషను.

"ఆ ఆటోని మళ్లీ అవే ఊళ్లకి పంపండి. వైద్యం లేదని, చదువు మాత్రమే ఉందని చెప్పించండి."

"వచ్చినవాళ్లకి మీరే చెప్పేశారు కదమ్మా."

"రాలేనివాళ్లు మంచాల్లో ఉన్నారు కదా. మైకులో చెప్పింది వాళ్లూ విన్నారు. నేనొచ్చి కూర్చున్నాక ఒక్కొక్కరే వస్తారు. ఇవాళ ఒక్కావిడకి చెప్పేసరికే నా పని అయిపోయింది. రోజూ ఒకరి మొహం చూసి లేదని చెప్పాలంటే నేను ఇక్కడ ఉండలేను." అంతలో రైలు వచ్చింది. పెట్టె తనే ఎక్కించుకుంది.

విమానాశ్రయం లేదని, బడి లేదని వద్దన్నవాళ్లను చూశాను. ఈ మాట అన్నవాళ్లు లేరు. మర్నాడు రిజిస్ట్రార్‌కి చెబితే ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "అడ్మిషన్ల రోజుల్లో మన దగ్గర లేదని మనమే మైకులో సెప్పుకోవాలా? బాగుంది మాస్టారూ." కాసేపు బల్ల మీద వేళ్లతో కొట్టి, మళ్లీ తనే అన్నాడు. "మీరెల్తే ఎల్లండి. నన్ను అడిగినట్టు నాకు గుర్తుండదు." ఆయన చెడ్డవాడు కాదు, ఆయనా అలిసిపోయి ఉన్నాడు. సూపరింటెండెంట్‌ని కొత్త మాటలు చదివి రికార్డు చేసిపెట్టమని అడిగాను. ఆయన నా వైపు చూడకుండా, "నా గొంతు వద్దు మాస్టారూ. ఈపాలి నా మాట నమ్మరు" అన్నాడు.

కాబట్టి నేనే వెళ్లాను. ఆదివారం పలాస దాకా బస్సు, అక్కడినుంచి మొదటిసారి తిరిగిన అదే ఆటో. ఆటో ఆయన సంగతి విని నవ్వాడు. "ఉందని సెప్పడానికి తిరిగినాను గానీ, నేదని సెప్పడానికి తిరగడం నాకిదే మొదలు. పట్టండి మైకు."

పాఠం చెప్పడం వేరు, కదులుతున్న ఆటోలో మైకు పట్టుకుని మాట్లాడటం వేరు. మొదటి ఊళ్లో నా గొంతు నాకే వినిపించి ఆగిపోయాను. టీ కొట్టు దగ్గర కూర్చున్న మగవాళ్లు నవ్వారు. ఒక ముసలాయన ఆటో ఆపి, "నేదని సెప్పడానికి ఆటో ఏటి బాబూ, మాకు తెల్దేటి" అన్నాడు. రెండో ఊళ్లో నేను చెప్పింది పూర్తిగా విన్న ఇద్దరు ఆడవాళ్లు, అయినా కాగితాలు తెచ్చి చూడమన్నారు. చూసి, నేను డాక్టరును కానమ్మా అన్నాను. ఎండ మండుతోంది. జీడి తోటల మధ్య మట్టి రోడ్డులో ఊగుతూ, ఈ వయసులో నాకు ఈ తిరుగుడేమిటని నన్నూ, ఆవిడనీ, ఆ కోర్సు పెట్టినవాళ్లనూ వరసగా తిట్టుకున్నాను.

నాలుగైదు ఊళ్లు తిరిగాక, ఒక వీధి మొదట్లో ఆటో ముందుకొచ్చి ఒకామె చెయ్యెత్తింది. ఆరోజు సంచి పట్టుకున్నామె. "దిగండి బాబూ, ఎండలో ఎందుకు" అని పందిరి కిందకి తీసుకెళ్లింది. అక్కడ ప్లాస్టిక్ కుర్చీలో ఆమె భర్త కూర్చుని ఉన్నాడు. పాదాలు పొంగి ఉన్నాయి. నన్ను చూసి లేవబోయాడు, నేను వద్దన్నాను.

ఆమె లోపలికెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. నేను చెయ్యి చాపేలోపే అంది. "కేన్ నీళ్లే బాబూ. కొన్నవే. బయపడకండి."

నేను భయపడలేదు, కానీ ఆమె ఆ మాట ఎంతమందికి చెప్పి ఉంటే అంత అలవాటుగా వస్తుందో అనిపించింది. నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టాను.

భర్త మెల్లగా మాట్లాడాడు. "మైకులో ఇన్నాను. మా ఊరికి శానామంది వచ్చినారు బాబూ. నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లినారు. రగతం తీసుకెళ్లినారు. పోటోలు తీసినారు. మళ్లీ తిరిగొచ్చి, నేదని సెప్పినోలు మీరే."

క్షమించమని అడగాలనిపించింది, అది నా బరువు వాళ్ల మీద పెట్టడమే అవుతుందని ఊరుకున్నాను. ఫోన్ తీసి ఆ పందిరి కిందనుంచే పూణేలో ఉన్న ఆవిడకి చేశాను. ఊరూరా లేదని చెప్పి వస్తున్నానని, ఎక్కడున్నానో చెప్పి, ఈ ఇంటాయన అన్న మాట కూడా చెప్పాను. ఆ మాట మళ్లీ ఒకసారి చెప్పించుకుంది. తరువాత, "సార్, మా పాప రెండో తరగతి. అక్కడ బడి ఏది బాగుంటుంది?" అని అడిగింది. ఆ ప్రశ్న అడిగిన ప్రతివాళ్లూ వెళ్లిపోయారు. ఆవిడ మాత్రం దాని వెనకే, వచ్చే నెల మొదటి వారంలో టికెట్ తీసుకుంటాననీ, స్టేషన్‌కి ఎవరొస్తారనీ అడిగింది.

"నేనే వస్తాను" అన్నాను.

ఫోన్ పెట్టేసరికి ఆ ఇంటామె నా ఎదురుగా నిలబడి ఉంది. "ఎవులు బాబూ, ఆ డాట్రమ్మేనా?"

"ఆవిడే. చేరుతుందట."

"రానీండి, మంచిదే. మా పిల్లగుంటలు సదువుకుంటారు." గ్లాసు తీసుకుని రెండడుగులు వేసి మళ్లీ ఆగింది. "వచ్చినాక ఓపాలి ఇటు తీసుకురండి బాబూ, అన్నం తిని ఎల్తాది. వంట కూడా కేన్ నీళ్లతోనే సేస్తానని సెప్పండి. బయపడద్దని సెప్పండి."